మేష్టారికి శాలువా సరే, బడికి పిల్లలేరీ?

(మా గ్రామీణ విలేకరి)

పలాస: ఆటో వచ్చి రావిచెట్టు కింద ఆగి అరగంట దాటింది. మేష్టారు మాత్రం ఇంకా బడి అరుగు దిగలేదు. దిగనిస్తే గదా! ఒకామె గుమ్మడికాయ తెచ్చి ఆటో వెనక సీటులో పెట్టింది. ఇంకొకామె కొత్త చాటలో జీడిపప్పు పోసుకుని వచ్చింది. ఎవరో రెండు కొబ్బరి గెలలే తెచ్చి డ్రైవరు కాళ్ళ దగ్గర పెట్టారు. ఒక ముసలామె కొంగు ముడి విప్పి, నాలుగు మడతలు పడిన ఇరవై రూపాయల నోటు తీసి మేష్టారి చేతిలో పెట్టబోయింది. ఆయన వద్దమ్మా అంటే ఆమెకు కోపం వచ్చింది.

"ఒట్టి సేతుల్తో ఎలా పంపీమంటారు బాబూ? మా గుంటడికి అచ్చరం ముక్క ఒచ్చిందంటే మీ సలవే గదా" అన్నదామె. ఆ నోటు జేబులో వేసుకోక ఆయనకు తప్పలేదు.

ఇది 2025 జూన్ నెల మాట. పలాస నుంచి సముద్రం వైపు పోయే దారిలో, జీడితోటల మధ్య వున్న ఒక ఉద్దానం పల్లె. ఆ వూరి మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో మేష్టారికి ఎనిమిదేళ్ళు నిండాయి. ఎనిమిదేళ్ళు నిండినవారు కదలక తప్పదని నిబంధన. కౌన్సెలింగులో ఆయనకు జిల్లా ఆ చివర బడి వచ్చింది. వూరి పేరు, తన పేరు పేపర్లో వేయవద్దని మేష్టారు మరీ మరీ చెప్పారు. ప్రభుత్వోద్యోగి గదా, పత్రిక వాళ్ళతో మాట్లాడారని ఎవరైనా సంజాయిషీ అడిగితే ఆయనకే తలనొప్పి. అందుకని ఇక్కడ వూరు వూరుగానే, మేష్టారు మేష్టారుగానే వుంటారు.

వీడ్కోలు సభ బడి ఆవరణలోనే జరిగింది. శామియానా వేశారు, మైకు పెట్టారు. సర్పంచి ఒక శాలువా కప్పారు. యువజనులు ఒకటి, విద్యా కమిటీ తరఫున ఒకటి, మహిళా సంఘం తరఫున ఒకటి, పూర్వ విద్యార్థులమని చెప్పి పదో తరగతి చదువుతున్న పిల్లలు చందా వేసుకుని ఒకటి. మొత్తం ఏడు. జూన్ ఎండలో ఏడు శాలువాలు మీద వేసుకుని మేష్టారు చెమటలు కక్కుతూ లేచి నిలబడ్డారు. ఆయన మాట్లాడింది అయిదు నిమిషాలే.

"ఇవన్నీ మడత పెట్టి బీరువాలో దాచుకుంటాను. కాని వీటితో పాటు ఇంకొకటి అడుగుతాను, ఇస్తారా? మన రిజిస్టరులో ఇప్పుడు ఇరవైమూడు పేర్లున్నాయి. అది ముప్ఫై అయిందని నాకు కబురు పంపండి. అంతకంటె నాకేమీ వద్దు" అన్నారు.

సభలో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టే సమయం కూడా కాదది. ఎందుకంటే సరిగ్గా అప్పుడే పసుపుపచ్చ వాను వచ్చి రావిచెట్టు దగ్గర, ఆటో వెనకాలే ఆగింది. మెడలో టైలు, కాళ్ళకు బూట్లతో పిల్లలు దిగారు. సంచీలు గోడ పక్కన పడేసి నేరుగా సభలోకి పరుగెత్తుకొచ్చి, వరసగా వంగి మేష్టారి కాళ్ళకు దండం పెట్టారు. వాళ్ళలో చాలామంది ఆయన దగ్గర ఒకటో తరగతి, రెండో తరగతి చదివి వెళ్ళినవారే. ఆయన ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి తల నిమిరారు. పిల్లల తల్లిదండ్రులు మాత్రం తలలు దించుకున్నారు.

మేష్టారంటే వూరికి ప్రాణం. అందులో అబద్ధం లేదు. కాని ఆ వూరి పిల్లల్లో సగానికి పైగా వాను ఎక్కుతున్నారు. అందులోనూ అబద్ధం లేదు. ఈ విలేకరి ఇంటి పిల్లవాడు కూడా ఆ వానులోంచే దిగాడని దాచకుండా చెప్పవలసి వుంది.

దసరా మామూలు

వూరి వారు పంతులును పోషించటం మన పల్లెలకు కొత్త కాదు. ఆ మాటకొస్తే సర్కారు జీతాలే కొత్త. ఈ వూళ్ళో ఎనభై దాటిన కొబ్బరి రైతు ఒకాయన వున్నారు. ఆయన చదివింది వీధిబడిలో. అరుగు మీద ఇసక పోసి వేలితో అక్షరాలు దిద్దించేవారట. తరవాత పెద్దబాలశిక్ష. తప్పు చేస్తే గుంజీలు, మరీ అల్లరి చేస్తే కోదండం. పంతులుగారికి జీతమంటూ నెలకింతని లేదు. నూర్పులు కాగానే కళ్ళంలోనే ఇంటికి ఇన్ని కుంచాలని ధాన్యం కొలిచి పంపేవారు. ఎవరింట్లో కొత్త పిల్లవాణ్ణి బడిలో వేసినా ఆ రోజు పిల్లలందరికీ పప్పుబెల్లాలు, పంతులుగారికి స్వయంపాకం.

దసరా వచ్చిందంటే పండగ బడిదే. వెదురు విల్లులకు రంగు కాగితాలు, పూలు చుట్టి, బుక్కాగుండ చల్లుకుంటూ, పంతులుగారు ముందు నడవగా పిల్లలు ఇంటింటికీ వెళ్ళి పాటలు పాడేవారు. అయ్యవారికి ఏమివ్వాలో, పిల్లలకు ఏమివ్వాలో పాటలోనే చెప్పేసేవారు. ఇంటి యజమాని కలిగినదాన్ని బట్టి పంచెల చాపో, రూపాయో పళ్ళెంలో పెట్టేవాడు. దాన్నే దసరా మామూలు అనేవారు. మామూలు అంటే ఇవాళ ఆఫీసుల్లో బల్ల కింద చేయి చాపి పుచ్చుకునేది అనే అర్థం స్థిరపడింది గాని, ఒకప్పుడు అది చదువు చెప్పినవారికి వూరంతా చూస్తుండగా ఇచ్చిన మర్యాద.

"పంతులు ఎవరింటికొస్తాడా అని ఎదురు సూసీవోళ్ళం. మా ఇంటికి రాకుండా ఎల్లిపోతే మా నాయనకి తల కొట్టేసినట్టుండీది" అని పెద్దాయన చెప్పారు. కాసేపాగి ఆయనే మరో మాట కూడా అన్నారు. ఆ అరుగు మీద దళితవాడ పిల్లలకు చోటు వుండేది కాదట. వాళ్ళు వీధి చివర నిలబడి దసరా వూరేగింపు చూసేవారట, అంతే.

కనుక పాత రోజులన్నీ బంగారమని చెప్పటానికి లేదు. 1959లో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు ఏర్పడి బళ్ళు వాటి చేతికి వచ్చాక, జీతం బాధ్యత ప్రభుత్వానిది అయింది. పంతులు కళ్ళం దగ్గర చేటతో నిలబడే అవసరం పోయింది. అంతకంటె ముఖ్యం, ఎవరి పిల్లవాడయినా అరుగు ఎక్కవచ్చు. 1980లలో సమితులు పోయి మండల పరిషత్తులు వచ్చాయి. బోర్డు మీద పేరు మారింది. బడి మాత్రం అదే. ఈ వూళ్ళో బడి వున్న స్థలం ఒక రైతు ఇచ్చిందే. మొదటి పాకకు తాటాకు, వాసాలు ఇంటింటా పోగు చేశారు. తరవాత పక్కా గది కడితే ఇసక, రాయి బళ్ళ మీద తోలింది వూరి వారే. ఇప్పటికీ వూళ్ళో వాళ్ళు "మన బడి" అనే అంటారు. పిల్లల్ని పంపకపోయినా అలాగే అంటారు.

సన్మానం వద్దన్న మన జిల్లా మేష్టారు

సెప్టెంబరు 5న ఉపాధ్యాయ దినోత్సవం జరపటం 1962లో, సర్వేపల్లి రాధాకృష్ణన్ రాష్ట్రపతి అయిన ఏడు మొదలయింది. ఆయన అంతకుముందు 1931 నుంచి 1936 దాకా వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులుగా పనిచేసినవారే. ఉత్తమ ఉపాధ్యాయులకు జాతీయ అవార్డులివ్వటం 1958 నుంచీ వుంది. సెప్టెంబరు 5కు సరిగ్గా వారం ముందు, ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం. అది గిడుగు రామమూర్తి పంతులుగారి పుట్టిన రోజు. ఆయన 1863లో ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. మన శ్రీకాకుళం జిల్లా గడ్డ అది.

గిడుగు వారంటే వాడుక భాష కోసం పోరాడిన మనిషిగానే అందరికీ తెలుసు. కాని ఆయన మొదట బడిపంతులు. పర్లాకిమిడి రాజావారి స్కూలులో 1880లో చేరారు. కొండల మీద సవరలకు వారి భాషలో చదువు చెప్పేవారే లేరని చూసి, తానే ఆ భాష నేర్చుకుని, వాచకాలు రాసి, సవర పిల్లలకు బళ్ళు నడిపారు. ఆ కృషికి మెచ్చి మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, ఆ డబ్బు తనకు వద్దు, దానితో సవరలకు బడి పెట్టండని కోరారు.

మేష్టారు శాలువాలు కప్పుకుని ముప్ఫైమంది పిల్లల్ని అడుగుతుంటే ఈ విలేకరికి ఆ సంగతే గుర్తుకు వచ్చింది. వూరు ఇవ్వదలచుకున్నది ఒకటి, మేష్టారికి కావలసింది మరొకటి. అప్పుడు ఎలా వుందో ఇవాళా అలాగే వుంది.

వాను ఎందుకు ఎక్కుతున్నారు?

"మా మేష్టారు మంచోడే. కాని పిల్లలు నేరు గదా" అంటాడు ఒక తండ్రి. పిల్లలు లేరు గనక పంపడు. పంపడు గనక పిల్లలు లేరు. నూతి గిలక మాదిరి ఈ మాట అక్కడక్కడే తిరుగుతుంటుంది.

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో వుంది. దాని ప్రకారం అరవైమంది దాకా పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు ఉపాధ్యాయులు వుండాలి. కాని సంఖ్య బాగా పడిపోయిన చోట ఒక్కరితోనే నడుస్తున్న బళ్ళు ఎన్నో మనకు తెలుసు. ఒక్కరే అయిదు తరగతులకు చెప్పాలి. ఒకటో తరగతి పలకలు దిద్దేలోగా అయిదో తరగతి వాళ్ళు కొబ్బరి తోటలో వుంటారు. ఆ ఒక్కరూ సెలవు పెడితే, మీటింగుకు వెళితే బడికి తాళమే. అది చూసి ఇంకో ఇద్దరు వాను ఎక్కుతారు. 2022లో ఒక ఉత్తర్వు తెచ్చి చాలాచోట్ల 3, 4, 5 తరగతుల్ని దగ్గరి ఉన్నత పాఠశాలలకు తరలించారు. ఆ ఉత్తర్వును 2025లో రద్దు చేశారు. ఈ మధ్యకాలంలో పిల్లల్ని ఎక్కడ వేయాలో తెలియక కొందరు, పోనీలే అని కొందరు ప్రైవేటు బాట పట్టారు. ఒకసారి వెళ్ళినవారు తిరిగి రావటం కష్టం.

ఇంగ్లీషు మీడియం కోసమని పంపుతున్నామనే మాట ఇప్పుడు చెల్లదు. సర్కారు బడిలోనూ ఇంగ్లీషు మీడియం వుంది, పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు. భోజనం లేదా అంటే 2003 నుంచి మధ్యాహ్నం వేడి అన్నం పెడుతున్నారు. కోడిగుడ్డు, పల్లీ చిక్కీ, రాగిజావ తరవాత చేరాయి. పుస్తకాలు, సంచీ, బూట్లు, యూనిఫారం గుడ్డ ఉచితం. తల్లికి వందనం డబ్బు 2025 జూన్‌లో ఖాతాల్లో పడింది. 15 వేలలో బడి నిర్వహణకు 2 వేలు పోగా చేతికి 13 వేలు. అయితే ఆ డబ్బు ప్రైవేటు బడి పిల్లల తల్లులకూ వస్తుంది. ఈ వూళ్ళో అది చాలా ఇళ్ళలో వాను ఫీజుకే సరిపోయింది.

మరి ఎందుకు? లోతుగా అడిగితే రెండు కారణాలు బయటపడ్డాయి. ఒకటి పరువు. జీడి ఫేక్టరీలో పిక్కలు వలిచి తెచ్చుకున్న కూలితో అయినా సరే, పిల్లవాడు టై కట్టుకుని వెళితే ఆ తల్లికి నలుగురిలో తల ఎత్తుకున్నట్టు వుంటుంది. దాన్ని ఎగతాళి చేయటానికి మనమెవరం? ఆ తల్లి తానే ఇస్కూలు మొహం చూడని మనిషి. రెండో కారణం ఎవరూ మైకులో చెప్పరు. వూరి బడిలో మిగిలిన ఇరవైముగ్గురిలో ఎక్కువమంది ఏ వాడ పిల్లలో అందరికీ తెలుసు. పక్కన కూర్చోపెట్టటం కొందరికి ఇష్టం లేదు. వీధిబడి అరుగు మీద చోటు ఇవ్వని మనమే, ఇప్పుడు అరుగు అందరిదీ అయ్యేసరికి మనం దిగిపోతున్నాం.

ఇక వూరి వాళ్ళు అడిగే ఎదురు ప్రశ్న ఒకటుంది. "మేష్టార్ల పిల్లలు ఏ బడిలో సదువుతన్నారు?" ఇది న్యాయమైన ప్రశ్నే. మన మేష్టారిని ముఖం మీదే అడిగాం. ఆయన నవ్వలేదు, కోపగించుకోలేదు. పెద్దమ్మాయి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలోనే పది పాసయిందని, చిన్నవాణ్ణి మాత్రం ఇంట్లో వాళ్ళ మాట కాదనలేక ప్రైవేటులో వేశానని ఒప్పుకున్నారు. అందరు ఉపాధ్యాయులూ ఈయనలా వుండరు. పది గంటలకు వచ్చి మూడింటికి బండి తీసేవారు, బడి వేళల్లో చిట్టీల లెక్కలు, స్థలాల బేరాలు చూసుకునేవారు లేరని ఎవరూ అనరు. అటువంటివారి గురించి వూరు అడగాలి, నిలదీయాలి. అయితే నిలదీసే హక్కు బడికి పిల్లల్ని పంపినవారికే ఎక్కువగా వుంటుందని విద్యా కమిటీలోని ఒక తల్లి అన్నది. కాదనలేకపోయాం.

అద్దె ఇల్లు, కమిటీ మీటింగు

మేష్టారు ఎనిమిదేళ్ళూ కాశీబుగ్గ నుంచి మోటారుసైకిలు మీద వచ్చి వెళ్ళారు. "వూళ్ళోనే వుంటే బాగుండేది గదా" అని సభలో ఒకరు అన్నారు. నిజమే, బాగుండేది. 2017లో ఆయన ఈ వూరు వచ్చిన మొదటి వారం అద్దె ఇల్లు కోసం తిరిగారు. ఖాళీ ఇళ్ళు లేక కాదు. వలసపోయిన వాళ్ళవి తాళాలు వేసి వున్నవే నాలుగైదు వున్నాయి. ప్రతి ఇంటి దగ్గరా పేరు అడిగారు, ఇంటిపేరు అడిగారు, ఆ తరవాత "మా అబ్బాయిని అడిగి చెబుతాం" అన్నారు. ఆ అబ్బాయిలు చెన్నై నుంచి, హైదరాబాదు నుంచి ఇంతవరకూ జవాబు చెప్పలేదు. ఆయన మళ్ళీ అడగలేదు. అదే ఇంటి వాళ్ళు మొన్న శాలువా కప్పినవారిలో వున్నారు.

కమిటీల సంగతి చూద్దాం. చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడువంతులు పిల్లల తల్లిదండ్రులే వుండాలి. సభ్యుల్లో సగం మంది ఆడవారు వుండాలి. కాగితం మీద బ్రహ్మాండంగా వుంది. మీటింగు పెట్టేది పని రోజున, పగటిపూట. ఆ తల్లుల్లో ఎక్కువమంది పలాస జీడి ఫేక్టరీలకు తెల్లారే వెళతారు. మీటింగుకు వస్తే ఆ రోజు కూలి పోతుంది. రిజిస్టరులో సంతకాలు మాత్రం వుంటాయి, ఎలా వుంటాయో మీకూ తెలుసు. ఈ మేష్టారు చేసిన పనల్లా మీటింగు వేళ మార్చటం. సాయంత్రం ఏడింటికి, కరెంటు వుంటే దీపం కింద, లేకపోతే లాంతరు పెట్టి అరుగు మీద కూర్చున్నారు. ఆయన రాత్రి తొమ్మిదింటికి బండి మీద కాశీబుగ్గ వెళ్ళేవారు. ఆ మీటింగుల్లోనే మంచినీళ్ళ గొడవ తేలింది. ఉద్దానంలో నీళ్ళంటే భయం, కిడ్నీ జబ్బుతో మనిషి పోని వీధి లేదు. బడి బోరు నీళ్ళు తాగటానికి పనికిరావని, పిల్లలకు మంచినీళ్ళ డబ్బాలు తెప్పించాలని తల్లులే తీర్మానం చేశారు. డబ్బు ఎవరిస్తారన్న ప్రశ్న వచ్చింది. హైదరాబాదులో తాపీ పని చేసే కుర్రాళ్ళు నలుగురు ఫోనులో చందా పంపారు. ఇప్పటికీ పంపుతున్నారు. వాళ్ళెవరికీ ఎవరూ శాలువా కప్పలేదు.

మేష్టారి చేతిలో ఎప్పుడు చూసినా ఫోను వుంటుందని కొందరి ఫిర్యాదు. ఈ విలేకరీ మొదట అలాగే అనుకున్నాడు. ఒక పూట బడిలో కూర్చుంటే తెలిసింది. 2022 నుంచి ఉపాధ్యాయుల హాజరు ఫోనులో ముఖం చూపించి వేయాలి. పిల్లల హాజరు, భోజనం లెక్క, గుడ్ల లెక్క అన్నీ అందులోనే ఎక్కించాలి. కొన్నాళ్ళు మరుగుదొడ్ల ఫొటోలు తీసి పంపే పని కూడా వుండేది. సిగ్నలు దొరక్క మేష్టారు బడి వెనక దిబ్బ ఎక్కి ఫోను పైకెత్తి నిలబడతారు. కింద పిల్లలు ఎక్కాలు అప్పచెబుతుంటారు. జనాభా లెక్కలు, ఎన్నికలు, విపత్తు సహాయం తప్ప చదువుకు సంబంధం లేని పనులకు ఉపాధ్యాయులను వాడరాదని అదే విద్యాహక్కు చట్టంలో వుంది. ఫోను పనిని చదువు పని అంటారో మరో పని అంటారో పెద్దలే చెప్పాలి.

తుపాను నాడు

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను ఈ తీరాన్నే తాకింది. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి, పలాస వైపు కొబ్బరి చెట్టన్నది నిలబడి మిగలటం గగనమయింది. జీడితోటలు వేళ్ళతో లేచిపోయాయి. తాటాకు, రేకు ఇళ్ళ వాళ్ళంతా శ్లాబు వున్న బడి గదుల్లోకి వచ్చి చేరారు. దారి పొడుగునా చెట్లు పడి వుంటే, మేష్టారు బండి ఎక్కడో వదిలేసి, నడిచి మర్నాటి మధ్యాహ్నానికి వూరు చేరారు. తాళం చెవి ఆయన దగ్గరే వుందనుకున్నారు. వచ్చేసరికి తాళం పగలగొట్టి జనం లోపల వున్నారు. "మంచి పని చేశారు" అని, బియ్యం బస్తా వున్న గది తానే తెరిచి వంట పెట్టించారు.

తరవాత జరిగిందే చెప్పుకోదగ్గది. వూళ్ళో ప్రతివాడి తోటా పోయింది. పాతికేళ్ళు పెంచిన చెట్టు పోతే ఇల్లు పోయినట్టే. అయినా ఎవరూ పిలవకుండానే నాలుగో రోజున జనం వచ్చి ముందు బడి ఆవరణలో పడిన చెట్లను నరికి పక్కకు లాగారు. తడిసిన పుస్తకాలను అరుగు మీద ఆరబెట్టారు. కరెంటు రావటానికి చాలా రోజులు పట్టింది, బడి మాత్రం అంతకుముందే మొదలయింది. ఆ నెలంతా మేష్టారికి మధ్యాహ్నం అన్నం రోజుకొక ఇంటి నుంచి వచ్చింది. అందులో దళితవాడ ఇళ్ళూ వున్నాయి, పెద్దవీధి ఇళ్ళూ వున్నాయి. దసరా నవరాత్రులు కూడా అప్పుడే వచ్చాయి. విల్లులు లేవు, పాట లేదు. పెద్దాయన మాత్రం ఆ మాట గుర్తుచేసి, "అది గదా మామూలంటే" అన్నారు.

2020 మార్చిలో కరోనాకు బళ్ళు మూసినప్పుడు వలస వెళ్ళినవారంతా వూళ్ళకు తిరిగి వచ్చారు. వారి పిల్లలు ఏ బడిలోనూ లేరు. సెలవు మీద వచ్చి చిక్కుకుపోయిన జవాను ఒకరు, డిగ్రీ మధ్యలో ఆగిన అమ్మాయి ఒకరు తోటల్లో పిల్లల్ని దూరం దూరంగా కూర్చోబెట్టి చదివించారు. పాఠం ఏది చెప్పాలో మేష్టారు ఫోనులో చెప్పేవారు. ఆ రెండేళ్ళూ రిజిస్టరులో సంఖ్య పెరిగింది. కరోనా తగ్గింది, పసుపు వాను మళ్ళీ తిరిగింది, సంఖ్య తగ్గింది.

కొత్త టీచరమ్మ

మేష్టారు వెళ్ళాక మూడు నెలలకు పైగా ఒక్క ఉపాధ్యాయురాలితోనే బడి నడిచింది. 2025లో 16 వేల పైచిలుకు పోస్టులకు జరిగిన డీఎస్సీలో ఎంపికైనవారికి సెప్టెంబరులో నియామక పత్రాలిచ్చారు. దసరా వెళ్ళిన తరవాత ఈ బడికి కొత్త టీచరమ్మ వచ్చింది. విజయనగరం వైపు అమ్మాయి, ఇదే మొదటి ఉద్యోగం. ఆమె కూడా అద్దె ఇల్లు అడిగింది. ఈసారీ పేరు, ఇంటిపేరు, "మా అబ్బాయిని అడిగి చెబుతాం" అంతా మామూలుగానే జరిగింది. సాయంత్రం బస్సుకు వెళ్ళిపోబోతుంటే, ఇరవై రూపాయల ముసలామె వీధిలో ఆపి, తన ఇంటి ముందు గది చూపించింది. కొడుకు చెన్నైలో వున్నాడు. అతన్ని అడగలేదు. "ఇల్లు నాది. ఆడినెందుకు అడగాలి?" అన్నది. టీచరమ్మ ఇప్పుడు ఆ గదిలోనే వుంటున్నది.

సాయంత్రాలు ఆ అరుగు మీద చదువు సాగుతున్నది. వాను పిల్లలు కూడా వచ్చి కూర్చుంటున్నారు. వచ్చినవారిలో నలుగురు వూరి బడికే మారారు. ఒక తండ్రి, ప్రైవేటు బడిలో ఫీజు బాకీ వుందని, సర్టిఫికెట్ ఇవ్వటం లేదని భయపడ్డాడు. పాత బడి సర్టిఫికెట్ ఆలస్యమైందన్న కారణంతో పిల్లల్ని చేర్చుకోకుండా వుండరాదని చట్టంలోనే వుందని టీచరమ్మ చెప్పి, పేరు రాసుకుంది. ఈ సంగతి ఇంకా చాలామంది తల్లిదండ్రులకు తెలియదు గనక ఇక్కడ రాస్తున్నాం.

మొన్న మేష్టారు ఈ విలేకరికి ఫోను చేశారు. కొత్త బడి సంగతులు, అక్కడి నీళ్ళు, అక్కడి పిల్లలు, అన్నీ చెప్పారు. చివరికి రిజిస్టరు ఎంతకు వచ్చిందని అడిగారు.

ఇరవైఏడు అన్నాం.

"ముప్ఫై కాలేదేం?" అన్నారు.

పక్కనే వార్డు మెంబరు వుంటే, ఫోను ఆయన చేతిలో పెట్టేశాం.